నాలుగో గ్లాసు

ఆ ప్లంబరు పనితనం చుట్టుపక్కల నాలుగు వీధుల్లో అందరికీ తెలుసు. గోడ లోపల ఎక్కడో పైపు కారుతోందంటే, గోడకి చెవి ఆనించి కాసేపు విని, పెన్సిలుతో సున్నా చుట్టి, "ఇక్కడ పగలగొట్టండి" అనేవాడు. తడి సరిగ్గా అక్కడే కనబడేది. అందుకే బళ్ళో పిల్లలకి మంచినీళ్ళ కుళాయిలు పెట్టించాలని తల్లిదండ్రుల సంఘం తలపెట్టినప్పుడు ఇంకొకరి మాటే ఎవరి నోటా రాలేదు.

సంఘానికి పెద్ద, రొట్టెల షాపాయన. మనిషి భారీగా ఉంటాడు, గొంతు ఇంకా భారీగా ఉంటుంది.

"నీ కూతురు కూడా అక్కడే చదువుతోంది కదా తమ్ముడూ, కూలి అడగవని నాకు తెలుసు" అన్నాడు.

"అడిగినా మీ చెయ్యి జేబులోకి వెళ్ళదని నాకూ తెలుసు" అన్నాడు ప్లంబరు. ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు.

ఆరు ఆదివారాలు పని సాగింది. ఇద్దరు డ్రైవర్లు పైపు దిగడానికి గోడలో గాడి తవ్వారు. బ్యాంకు గుమాస్తా ఒకాయన జీవితంలో మొదటిసారి సిమెంటు కలిపి, సాయంత్రానికి నడుం పట్టుకుని కూర్చున్నాడు. ప్లంబరు భార్య కుట్టుపని చేస్తుంది. ఆమె ఇంకో ముగ్గురు తల్లులతో కలిసి గోడకి రంగు వేసింది. మొదటి అంతస్తు వరండాలో తెల్లటి పలకల అరుగు మీద ఎనిమిది స్టీలు కుళాయిలు వరసగా నిలబడ్డాయి. చూసినవాళ్ళు "ప్రైవేటు స్కూళ్ళలో కూడా లేవు ఇలాంటివి" అన్నారు.

బడికి నీళ్ళు రెండు దారుల్లో వస్తాయి. ఒకటి వీధి పైపు నుంచి వచ్చే మంచినీళ్ళు. రెండోది వెనక దొడ్లో ఉన్న పాత బోరు. బోరు నీళ్ళు డాబా మీది సిమెంటు ట్యాంకులోకి ఎక్కి, అక్కణ్ణుంచి మరుగుదొడ్లకీ మొక్కలకీ దిగుతాయి. ఆ నీళ్ళు ఎవరూ తాగరు. బోరుకి పదడుగుల దూరంలోనే మరుగుదొడ్ల గుంట ఉంది మరి.

సోమవారం పొద్దున ప్రారంభం అనగా ఆదివారం సాయంత్రం ప్లంబరు కుళాయిలు తిప్పి చూశాడు. వీధి నీళ్ళు పొద్దున్నే జోరుగా వస్తాయి కానీ పొద్దెక్కే కొద్దీ నీరసిస్తాయి. ఎనిమిది కుళాయిల్లో మూడింటికి నూలుపోగంత ధార వచ్చింది, మిగతావి గాలి కక్కాయి. చిన్న మోటారు ఒకటి పెడితే సరిపోతుంది. అది సంఘం కొనాలి, నాలుగు రోజులు పడుతుంది. రేపు పదింటికి ఊరి పెద్దలు, తల్లిదండ్రులు, నాలుగు వందలమంది పిల్లలు కుళాయిల ముందు నిలబడతారు. ఆరు ఆదివారాలు తనతో పాటు చెమటోడ్చినవాళ్ళ ముందు కుళాయి గాలి కక్కితే తల ఎక్కడ పెట్టుకోవాలి?

డాబా మీదికి వెళ్ళాడు. ట్యాంకు నుంచి దిగే పైపుకీ, తను కొత్తగా వేసిన పైపుకీ మధ్య దూరం మూరెడు. ఆ మూరెడు పైపు అతికించి, మధ్యలో ఎర్ర పిడి ఉన్న వాల్వు బిగించాడు. పిడి పైపు పొడవునా ఉంటే నీళ్ళు పోతాయి, అడ్డంగా తిప్పితే ఆగుతాయి. ఒక్క పూట పని. ప్రారంభం అయిపోగానే కట్టేసి, మోటారు వచ్చాక ఆ ముక్క కోసి పారెయ్యొచ్చు.

సోమవారం ఎనిమిది కుళాయిలూ ధారగా కురిశాయి. పిల్లలు కేరింతలు కొట్టారు. ఎవరినీ ఇంకా తాగొద్దని, ముందు పైపులు కడగాలని అతనే గట్టిగా చెప్పి ఆ పూటకి ఆపాడు కూడా. ఆ తర్వాత రొట్టెల షాపాయన అతన్ని అమాంతం ఎత్తి తిప్పాడు, ఎవరో ఫొటోలు తీశారు, ఎవరో తన ఇంట్లో కారుతున్న గీజరు గురించి చెప్పి చెయ్యి పట్టుకుని లాక్కుపోయారు. మర్నాటి నుంచి ఊరి అవతలి కొసన కొత్త మేడకి పైపులు వేసే పని. రెండు వారాల తర్వాత ఓ మధ్యాహ్నం భోజనం దగ్గర ఆ వాల్వు గుర్తొచ్చింది. కట్టేశాను కదా, అనుకున్నాడు. డాబా మెట్లు దిగడం గుర్తుంది కాబట్టి కట్టేసే దిగి ఉంటాడు. అంతటితో ఆ ఆలోచన పోయింది. కుళాయిలు బాగానే వస్తున్నాయి, ఇక మోటారు ఎందుకన్నారు సంఘం వాళ్ళు. అతనూ ఊరుకున్నాడు.

బడి హెడ్ మేడం ఆ కుళాయిల మీద ఒక కార్యక్రమమే నడిపింది. పిల్లలు నీళ్ళు సరిగ్గా తాగడం లేదని ఆమె బాధ. ప్రతి తరగతి గోడ మీదా పేర్ల పట్టిక వేయించింది. పొద్దున బెల్లుకి ఒక గ్లాసు, భోజనానికి ముందు ఒకటి, ఇంటికెళ్ళే ముందు ఒకటి. మూడూ తాగినవాళ్ళకి పేరు పక్కన నక్షత్రం. ప్లంబరు కూతురు మూడో తరగతి. ఇంట్లో, బళ్ళో అందరూ పిడుగనే పిలుస్తారు. మా నాన్న పెట్టిన కుళాయిలని చెప్పుకుంటూ వరసలో ముందు నిలబడేది. ఒక్క గ్లాసు తప్పలేదు. ఆ తరగతి టీచరమ్మ నిండు మనిషి, ఏడో నెల. పిల్లల్ని ఉత్సాహపరచడానికి వాళ్ళతో పాటే గ్లాసు పట్టుకుని, "చూద్దాం, ముందు ఎవరు ఖాళీ చేస్తారో!" అనేది.

సరిగ్గా ఐదు వారాలు గడిచాక, ఒక సోమవారం మూడో తరగతిలో తొమ్మిదిమంది రాలేదు.

ప్లంబరు అక్క ఆ బళ్ళోనే నర్సు. అతనికన్నా ఆరేళ్ళు పెద్ద. మెట్ల పక్కన ఆమె గది: ఒక మంచం, ఒక బల్ల, తూకం యంత్రం, గోడకి ఎత్తు కొలిచే గీతలు. ఆ వారం చివర శనివారంనాడు ఆరోగ్య దినోత్సవం. జిల్లాలోకెల్లా ఆరోగ్యవంతమైన బడి అని ఆ బడికి పతకం వచ్చింది. ఇవ్వడానికి జిల్లా అధికారి వస్తున్నాడు. వేదిక వెనక చేతులు కడుక్కునే తొట్టి ఒకటి బిగించమని పిలిస్తే ఆ సోమవారమే ప్లంబరు వచ్చి, కొలతలు తీసుకుని, అక్క గదిలోకి తొంగిచూశాడు.

బెంచీ మీద ఇద్దరు ఆడపిల్లలు ఒకరి మీద ఒకరు వాలి కూర్చున్నారు. మంచం మీద ఇంకొకడు కడుపు పట్టుకుని పడుకున్నాడు.

"ఏంటక్కా, సంతలా ఉంది?"

"లోపలికి రా" అంది ఆమె నవ్వకుండా. ఒక పిల్లని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, బొటనవేలితో కింది రెప్ప లాగింది. "ఇది ఏ రంగు?"

తెల్లగా ఉండాల్సిన చోట లేత పసుపు ఉంది. మరీ కాదు. ఎవరూ చెప్పకపోతే వెలుగు అలా పడిందనుకోవచ్చు.

"కామెర్లా?"

"పోయిన వారం నలుగురికి జ్వరం, వాంతులు. బయటి చిరుతిండి అనుకున్నాం. గేటు ముందు బండివాణ్ణి పంపించేశారు కూడా. ఇవాళ్టికి బడి మొత్తం మీద పదిహేడు." ఆమె గొంతు తగ్గించింది. "నీళ్ళేమోనని నాకు ముందే అనిపించింది. కానీ మన కుళాయిలు నువ్వు పెట్టినవే కదా, వీధి నీళ్ళే కదా అనుకున్నాను."

"వీధి నీళ్ళేనక్కా" అన్నాడు అతను.

అంటున్నప్పుడు లోపల ఎక్కడో ముల్లు కదిలినట్టయింది. ఏమిటా అని వెతికాడు కానీ అందలేదు. మంచం మీది పిల్లవాడు పక్కనున్న బేసినులోకి వంగి వాంతి చేసుకోవడంతో అక్క అటు పరిగెత్తింది.

ఆ మధ్యాహ్నమే హెడ్ మేడం మైకులో చెప్పింది: "పిల్లలూ, ఊళ్ళో జ్వరాలు తిరుగుతున్నాయి. ఒంట్లో మలినాలు పోవాలంటే నీళ్ళు బాగా తాగాలి. ఇవాళ్టి నుంచి నాలుగు గ్లాసులు. నాలుగో గ్లాసుకి బంగారు నక్షత్రం!"

వరండాలోంచి వచ్చిన కేక బడి గేటు దాటి వినిపించింది.

మంగళవారానికి ఇరవై రెండు. బుధవారం ఇరవై ఆరు. ప్లంబరు గురువారం దాకా ఊరి అవతల మేడ పనిలో ఉన్నాడు. శుక్రవారం పొద్దున తొట్టి భుజాన పెట్టుకుని బడికి వచ్చాడు. మైదానంలో వేదిక కట్టారు. రొట్టెల షాపాయన కుర్చీలు దింపిస్తున్నాడు, అరుపులతో కాకులు ఎగిరిపోతున్నాయి. ప్లంబరుని చూడగానే చేతులు చాపి వచ్చాడు.

"ఏం కుళాయిలు పెట్టావయ్యా! నీకు దండం పెట్టాలి. నిన్నటి నుంచి వీధిలో చుక్క లేదు. పిండి కలపడానికి నీళ్ళు మోయించుకుని చచ్చాను. ఇక్కడ చూడు, తిప్పితే ధార!"

ప్లంబరు తొట్టి కింద పెట్టాడు. "వీధిలో చుక్క లేదా?"

"నీకు తెలీదా? మూల మీద రోడ్డు తవ్వి పెద్ద పైపు మారుస్తున్నారుగా. రేపు సాయంత్రానికి గానీ రావంట. నీ ముఖం ఏంటలా అయింది? ఎండ దెబ్బా?"

ప్లంబరు గబగబా మెట్లెక్కాడు. మొదటి అంతస్తు వరండాలో మూడో తరగతి వరస కట్టి ఉంది. ఎనిమిది కుళాయిల కిందా ఎనిమిది గ్లాసులు నిండుతున్నాయి. వరస చాలా పొట్టిగా ఉంది. పిడుగు అందరికన్నా ముందుంది. "నాన్నా!" అని గ్లాసు ఎత్తి చూపించింది. అతను ఆగలేదు. ఎందుకు ఆగి ఆ గ్లాసు లాక్కోలేదని తర్వాత చాలా రోజులు తనని తాను తిట్టుకున్నాడు. ఆ క్షణంలో అతనికి ఒకటే కావాలి: పిడి అడ్డంగా ఉండాలి. ఎలాగోలా అడ్డంగా ఉండాలి.

డాబా తలుపు తోసి చూశాడు. ఎర్ర పిడి పైపు పొడవునా పడుకుని ఉంది, తను ఆదివారం సాయంత్రం తిప్పి వదిలిన తీరులోనే.

ట్యాంకు మూత ఒక పక్క పగిలి ఉంది. వంగి లోపలికి చూశాడు. నాచు ఉంటుందనుకున్నాడు, చచ్చిన పిట్ట ఏదైనా తేలుతుందనుకున్నాడు. అలాంటిదేమీ లేదు. నీళ్ళు తేటగా ఉన్నాయి. వాసన లేదు. అడుగున సిమెంటు గీతలు కూడా కనిపించాయి. ఇంత అందంగా ఉన్న నీళ్ళని ఏ పిల్లైనా ఎందుకు వద్దంటుంది?

పిడి అడ్డంగా తిప్పాడు. బిగుసుకుపోయి ఉంది, రెండు చేతులతో తిప్పాల్సి వచ్చింది. పది క్షణాలు గడిచాయి. కింది నుంచి పిల్లల గొంతులు ఒక్కసారిగా లేచాయి. "అయ్యో! టీచర్, నీళ్ళు ఆగిపోయాయి!"

ఎనిమిదీ ఒకేసారి ఆగాయి. ఇంక అనుమానానికి చోటు లేదు.

 ట్యాంకు నీడలో కూర్చున్నాడు. సంచిలో రంపం ఉంది. మూరెడు పైపు. పది నిమిషాల్లో కోసి, రెండు మూతులకీ మూతలు బిగిస్తే, ఇక్కడ ఇలాంటిదొకటి ఉండేదని ఏ మనిషికీ తెలియదు. వీధిలో పైపు మారుస్తున్నారు. తప్పంతా ఆ తవ్వకం మీదికి దానంతటదే పోతుంది. రంపం తీశాడు. పైపు మీద ఆనించి రెండుసార్లు లాగాడు. తెల్లటి పొడి రాలింది.

అక్క కింద ఆ పిల్లల కళ్ళు లాగి చూస్తూనే ఉంటుంది. చిరుతిండి అంటుంది, గాలి అంటుంది, రోజుకొకటి వెతుకుతుంది. ఏది అడగాలో ఏది అడగక్కర్లేదో తెలియక తిరుగుతుంది. నీళ్ళ సంగతి తను వదిలేసింది, తమ్ముడు పెట్టిన కుళాయిలు కాబట్టి.

రంపం సంచిలో పెట్టి కిందికి దిగాడు.

అక్క విన్నది.  అతను చెప్పడం అయ్యాక, "ఎప్పటి నుంచి?" అని మాత్రం అడిగింది.

"మొదటి రోజు నుంచే. ఇవాళ్టికి నలభై."

ఆమె బల్ల మీది క్యాలెండరు లాక్కుని పెన్సిలుతో చుక్కలు పెట్టసాగింది. గడిచిన రోజులు లెక్కపెడుతోందనుకున్నాడు. కాదు, రాబోయే రోజులు లెక్కపెడుతోంది. పేజీ తిప్పింది. ఇంకో పేజీ తిప్పింది.

"నేను కట్టేశానక్కా. ఇంక ఎవరూ తాగరు."

"ఒరేయ్, ఇది తాగినరోజే తెలిసే జబ్బు కాదు. ఇవాళ పడకేసినవాళ్ళు నెల కిందట తాగినవాళ్ళు. ఇందాక గ్లాసు ఎత్తినవాళ్ళకి వచ్చే నెల బయటపడుతుంది. ఇప్పుడు మైదానంలో గెంతుతున్నారే, వాళ్ళలో ఎవరెవరికి వస్తుందో ఎవరం చెప్పలేం." ఆమె పెన్సిలు ఆగింది. "మూడో తరగతి టీచరమ్మ కూడా తాగిందా?"

"పిల్లలతో పాటే తాగుతుంది కదా. రోజూ."

అక్క కుర్చీ వెనక్కి పడిపోయేలా లేచింది. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, "పిల్లలు చాలామంది మంచంలో పడి లేస్తారు. కడుపుతో ఉన్నవాళ్ళ సంగతి వేరు" అంది. "నువ్వు పెట్టావు కాబట్టే నేను నీళ్ళని వదిలేశానురా. ఇంకెవరు పెట్టినా మొదటి రోజే పరీక్షకి పంపేదాన్ని." అంతే, పరుగెత్తింది. టీచరమ్మని అరగంటలో రక్తపరీక్షకి పంపించింది.

హెడ్ మేడం గదిలో పతకం పెట్టుకోవడానికి గాజు పెట్టె సిద్ధంగా ఉంది. ఆమె చెడ్డమనిషి కాదు. రాలిపోతున్న గోడలున్న బడిని పదేళ్ళు ఒంటిచేత్తో లాక్కొచ్చింది. నర్సు చెప్పింది విని, రెండు చేతులూ బల్ల మీద ఆనించింది.

"కుళాయిలకి తాళం వేద్దాం. మరమ్మతు అని బోర్డు పెడదాం" అంది. "రేపటి కార్యక్రమం అయిపోనివ్వండి. సోమవారం ఒక్కొక్క ఇంటికీ నెమ్మదిగా చెబుదాం. ఇప్పుడు చెబితే ఈ బడి మీద మళ్ళీ ఎవరికైనా నమ్మకం ఉంటుందా? పిల్లల్ని తీసుకుపోతారు."

"నెమ్మదిగా చెబితే పుకారవుతుంది మేడం" అంది నర్సు. "పుకారు విన్నవాళ్ళు సగంమంది పసరు మందులకి పరిగెడతారు, సగంమంది నమ్మరు. నాలుగు వందల కుటుంబాలు ఒక్కచోట ఉండేది రేపే. రేపు చెప్పాలి."

"అధికారి ముందా?"

"అధికారి ముందే. నీళ్ళు పరీక్షకి పంపాల్సింది ఆయన ఆఫీసే కదా."

"వేదిక ఎక్కి ఎవరు చెబుతారు? మీరా?"

"నేను చెబుతాను మేడం" అన్నాడు ప్లంబరు. అప్పటిదాకా గోడవైపు చూస్తూ నిలబడ్డాడు. "ఎలాగూ నన్ను పిలిచి మెచ్చుకోలు కాగితం ఇస్తారట కదా. అప్పుడు చెబుతాను."

హెడ్ మేడం కుళాయిల తాళంచెవులు తీసి నర్సు చేతిలో పెట్టింది.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి భార్య కిటికీ పక్కన మిషను మీద నీలం గౌను కుడుతోంది. రేపటి నాటకంలో పిడుగు నీటిచుక్క వేషం వేస్తోంది. చిట్టి చిట్టి వెండి పూసలు అంచంతా కుట్టి ఉన్నాయి. అతను చెప్పాడు. మిషను ఆగింది. ఆమె కూతుర్ని పిలిచి, కిటికీ దగ్గర నిలబెట్టి, రెప్పలు లాగి చూసింది. ఒకసారి చూసి, మళ్ళీ చూసింది.

"తెల్లగానే ఉన్నాయి" అంది. "తెల్లగానే ఉన్నాయి కదా? నువ్వు చూడు."

"తెల్లగానే ఉన్నాయి."

"అమ్మా, రేపు నేను స్టేజీ మీద నాలుగో గ్లాసు తాగాలి. నేనే ముందు" అంది పిడుగు.

పిల్ల బయటికి పోయాక భార్య అడిగింది: "చెబితే ఈ ఊళ్ళో ఎవరైనా నిన్ను గుమ్మంలోకి రానిస్తారా?"

"రానివ్వరేమో."

"ఆ రోజు డాబా దిగేటప్పుడు ఒక్కసారి వెనక్కి తిరిగి చూడాల్సింది."  గౌను మడిచి పక్కన పెట్టింది. మళ్ళీ ముట్టుకోలేదు.

శనివారం పొద్దున మైదానం నిండిపోయింది. తల్లులు, తండ్రులు, చంకలో పిల్లలు. గోడ పొడవునా బల్లలు వేసి, తెల్ల గుడ్డ పరిచి, నాలుగు వందల కాగితం గ్లాసులు పేర్చారు. బయటి నుంచి డబ్బాల్లో తెప్పించిన మంచినీళ్ళు వాటిలో పోశారు. అందరూ కలిసి ఒక్కసారి ఎత్తి తాగడంతో కార్యక్రమం ముగియాలి. కుర్చీల మధ్య అక్కడక్కడా ఖాళీలున్నాయి. వాటిని ఎవరూ పట్టించుకోలేదు. జ్వరాల రోజులు కదా అనుకున్నారు.

అధికారి పతకం ఇచ్చాడు. చప్పట్లు. రొట్టెల షాపాయన మైకు ముందుకొచ్చి ఆరు ఆదివారాల గురించి చెప్పాడు, నడుం పట్టుకుని కూర్చున్న బ్యాంకు గుమాస్తా గురించి చెప్పి నవ్వించాడు. "ఇక మన అసలు మనిషి!" అని చెయ్యి చూపించాడు.

ప్లంబరు మెట్లెక్కాడు. అధికారి కాగితం చాపాడు. అతను తీసుకోలేదు. మైకు పట్టుకున్నాడు. జనం ముందు మాట్లాడి ఎరగడు.

"ఆ కుళాయిల్లో వీధి నీళ్ళు రావడం లేదు" అన్నాడు. "డాబా మీద ట్యాంకు నీళ్ళు వస్తున్నాయి. బోరు నీళ్ళు. మరుగుదొడ్లకి పోయే నీళ్ళు. ప్రారంభం రోజు ధార బాగా రావాలని నేనే కలిపాను. ఆ రోజే కట్టేయాలి. మర్చిపోయాను. మీ పిల్లలు నలభై రోజులు అవే తాగారు. నా పిల్లా తాగింది. ఈ జ్వరాలు అందువల్లే. ఇంకా వస్తాయి. ఏం చెయ్యాలో మా అక్క చెబుతుంది, వినండి."

  ఒక తల్లి పక్కనున్న కూతురి ముఖం రెండు చేతులతో పట్టుకుని వెలుగువైపు తిప్పింది. ఆమెని చూసి పక్కామె, ఆమెని చూసి ఇంకొకామె. చూస్తుండగానే మైదానమంతా అదే పని. ప్రతి పిల్ల ముఖమూ ఆకాశం వైపు తిరిగి ఉంది, ప్రతి రెప్పనీ ఎవరో ఒకరు లాగి చూస్తున్నారు. బల్లల మీద గ్లాసులు అలాగే ఉన్నాయి. నర్సు మైకు తీసుకుని, అవి మంచినీళ్ళేనని రెండుసార్లు చెప్పింది. ఒక్కరూ ముట్టుకోలేదు.

అప్పుడు ముందు వరసలోంచి ఒకతను లేచాడు. ఇద్దరు డ్రైవర్లలో ఒకడు, గాడి తవ్వినవాడు. వేదిక దగ్గరికి వచ్చి, కింది నుంచి పైకి చూస్తూ, "మా బాబు తొమ్మిది రోజులుగా మంచం మీద ఉన్నాడు. నేను తవ్విన గాడిలోంచేనా ఆ నీళ్ళు పోయింది?" అని అడిగాడు.

"ఔనన్నా" అన్నాడు ప్లంబరు.

అతను తల ఊపి, కుర్చీ మీద వదిలేసిన కండువా తీసుకుని, గేటు వైపు వెళ్ళిపోయాడు. రొట్టెల షాపాయన వేదిక చివర కూర్చుండిపోయాడు.  హెడ్ మేడం మాత్రం లేచింది. గోడ మీది పట్టికలన్నీ ఆ సాయంత్రమే ఆమె స్వయంగా చింపేసిందని తర్వాత తెలిసింది. ఆ క్షణంలో ఆమె చేసింది ఇంకొకటి: మైదానం గేటు దగ్గర బల్ల వేసుకుని కూర్చుని, వెళ్ళే ప్రతి కుటుంబం పేరూ, ఇంటి గుర్తూ తన చేత్తో రాసుకుంది.

ఆ పేర్లే జాబితా అయ్యాయి. నీళ్ళ పరీక్ష ఫలితం మంగళవారం వచ్చింది. నర్సు చెప్పిందే నిజం. వీధి పైపు మొదట్లో నీళ్ళు వెనక్కి పోకుండా అతను పెట్టిన అడ్డు వాల్వు పనిచేసింది కాబట్టి వీధికి ఏమీ కాలేదు. విచారణకి వచ్చిన ఇంజనీరు ఆ ఒక్క మాట అతనికి అనుకూలంగా రాశాడు. అయినా ఏడాదిపాటు పని చెయ్యకూడదని లైసెన్సు లాక్కున్నారు. ఎవరూ అన్యాయం అనలేదు, అతను కూడా.

నర్సు, ప్లంబరు, అతని భార్య, సంఘంలో మిగిలినవాళ్ళు ఏడుగురు కలిసి రోజూ ఇళ్ళు తిరిగారు. ఒక్కొక్కరికి నలభై ఇళ్ళు. కళ్ళు చూడాలి, జ్వరం అడగాలి, అనుమానం ఉంటే డాక్టరు దగ్గరికి పంపాలి. కొన్ని ఇళ్ళలో అతన్ని చూసి తలుపు వేసేశారు. అలాంటి ఇళ్ళకి భార్యని వెంటబెట్టుకుని వెళ్ళేవాడు. ఆమె తలుపు తట్టేది, అతను వీధిలో నిలబడేవాడు. డ్రైవరు మాత్రం తలుపు తీసి, "నువ్వే రా. నువ్వే చూడు" అని అతన్ని మంచం దాకా నడిపించి, కొడుకు కళ్ళు తానే లాగి చూపించాడు. నాలుగు రోజులు వరసగా అలాగే చూపించాడు.

రెండో వారానికి నలభై ఒకటి. నాలుగో వారానికి అరవై ఎనిమిది. కుళాయిలు కట్టేసిన ఇరవై మూడో రోజు పిడుగుకి వచ్చింది. ఉత్సాహంగా నిద్రలేచిన పిల్ల పళ్ళు తోముకుంటూ అద్దంలో చూసుకుని, "నాన్నా, నాకూ వచ్చింది" అంది, ఏదో వంతు వచ్చినట్టు. నెల రోజులు లేవలేదు. సన్నబడి, కళ్ళు పెద్దవై, ఎవరు నీళ్ళు ఇచ్చినా ముందు వాసన చూసేది.

టీచరమ్మకి మొదటి పరీక్షలో ఏమీ కనబడలేదు. అక్క ఊరుకోలేదు, వారానికొకసారి పంపించింది. మూడో పరీక్షలో బయటపడింది. ఒళ్ళు పచ్చబడకముందే ఆసుపత్రిలో చేర్చారు. అక్కడే రెండు రోజులు తెలివి తప్పింది. నెలలు నిండకుండా ఆడపిల్ల పుట్టింది. తల్లి బతికింది. బిడ్డని గాజు పెట్టెలో పెట్టారు. బతుకుతుందో లేదో వారం దాకా చెప్పలేమన్నారు.

ప్లంబరు రోజూ మధ్యాహ్నం ఆసుపత్రి వరండాకి వెళ్ళి దూరంగా నిలబడి వచ్చేవాడు. లోపలికి పొమ్మని ఎవరూ అనలేదు, అతను అడగలేదు. తొమ్మిదో రోజు టీచరమ్మ భర్త బయటికి వచ్చాడు. గడ్డం పెరిగిపోయి, చొక్కా నలిగి ఉంది. అతన్ని చూసి ఆగాడు.

"పాప తనంతట తనే ఊపిరి తీస్తోంది" అన్నాడు. "ఇంకా గండం గడవలేదట. కానీ తీస్తోంది."



"డాక్టరు ఏమన్నాడో తెలుసా? మామూలు జ్వరం అనుకుని రెండు రోజులు ఇంట్లో ఉంచి ఉంటే ఇద్దరూ దక్కేవాళ్ళు కాదన్నాడు. నువ్వు ఆ రోజు నోరు విప్పకపోతే నేను ఇంట్లోనే ఉంచేవాణ్ణి." అతను గోడకి ఆనుకున్నాడు. "అలా అని నిన్ను క్షమించానని మాత్రం అనుకోకు."

"లేదన్నా. అనుకోను."

"రేపు కూడా వస్తావా?"

"వస్తాను."

"ఈసారి అక్కడ నిలబడకు. జనం అడ్డం వస్తారు. ఇటు బెంచీ మీద కూర్చో" అని చెప్పి భర్త లోపలికి వెళ్ళిపోయాడు.

ప్లంబరు జేబులోంచి జాబితా తీశాడు. ఆ పూటకి ఇంకా పదమూడు ఇళ్ళున్నాయి. మొదటిది ఆసుపత్రి వెనక సందులోనే. నడిచివెళ్ళి తలుపు తట్టి, తీస్తారో లేదోనని ఎదురుచూస్తూ నిలబడ్డాడు.